మడమలు ఆనని పిల్ల

కురెమోతో మిసావో పేరు పదిహేడేళ్లుగా బొమ్మల సినిమాల చివర కనబడుతూనే ఉంది. కాకపోతే దాన్ని పట్టుకోవాలంటే చూపు చురుగ్గా ఉండాలి. మధ్య బొమ్మలు గీసినవాళ్ల పేర్లన్నీ ఒకే గుంపుగా, చిన్న అక్షరాల్లో, జనం గొడుగులూ సంచులూ వెతుక్కునే వేళకు తెర మీదికి వస్తాయి. పేరున్న చిత్రకారులు ఒక్కో కదలికకూ మొదటి బొమ్మా చివరి బొమ్మా గీసి పంపిస్తారు. మొదటిదాంట్లో పిల్ల గుమ్మం దగ్గరుంటుంది, చివరిదాంట్లో తల్లి ఒళ్లో ఉంటుంది. మధ్యలో పిల్ల అడుగులు వేయాలి కదా, ఆ అడుగులన్నీ మిసావో గీయాలి. గీత లావెక్కకూడదు, సొంత తెలివి చూపించకూడదు, ఉన్నదానికి ఒక్క వెంట్రుక కూడా కలపకూడదు. ఈ పనిలో మంచిపేరంటే మన చెయ్యి పడిన సంగతి ఎవరికీ తెలియకపోవడమే. మిసావోకు చాలా మంచిపేరుండేది.

టోక్యో పడమటి శివార్లలో, రైలు కట్ట పక్కన ఒక పాత చెక్క ఇంటి మేడ మీద రెండు గదుల వాటా ఆమెది. ఒక గదిలో కింద దీపం వెలిగే గాజు బల్ల, కాగితాల దొంతరలు. రెండో గదిలో కూతురు కయానో. భర్త సినిమాలకు అడవులూ ఆకాశాలూ రంగులు వేసే మనిషి. మూడేళ్లు నిండినా కూతురు పిలిస్తే పలకదని, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడదని తేలాక, ఒకనాడు కుంచెలన్నీ శుభ్రంగా కడిగి సర్దుకుని నగోయాలోని తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లిపోయాడు. పోట్లాడి వెళ్లినా కాస్త మర్యాదగా ఉండేది. ఆ పెద్దమనిషి నెమ్మదిగా, తలుపు చప్పుడు కాకుండా వేసి మరీ వెళ్లాడు.

కయానో మునివేళ్ల మీద నడిచేది. మడమలు నేలకు ఆనేవే కావు. ముక్కుతో సన్నగా ఒక రాగం తీస్తూ, చేతులు కాస్త వెనక్కి పెట్టుకుని ఆ గోడ నుంచి ఈ గోడకు, ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగేది. మాటలు దాదాపు లేవు. కింది వాటాలో ఉండే ఓతాకి అవ్వ, పైన ఒక పిల్ల ఉందన్న సంగతి ఏడాది దాకా కనిపెట్టలేకపోయింది. వీధిలోకి వెళ్తే మాత్రం అందరూ ఆ కాళ్లవైపే చూసేవాళ్లు. కూతురిలోని తేడా అంతా ఆ కాళ్లలోనే ఉందని మిసావో మెల్లగా నమ్మింది. అది చాలా పెద్ద పొరపాటు, కానీ ఆ చూపుల మధ్య నడిచినవాళ్లెవరూ ఆమెను తప్పుపట్టలేరు.

కయానోకు ఆరేళ్లు వచ్చిన ఏడాది ఎండాకాలంలో ఆ సినిమా పని వచ్చింది. ఏటికి మొక్కుకుని ఇద్దరు ఆడపిల్లల్ని కన్న తల్లి కథ అది. ఆ పిల్లలు నీళ్లలో దిగితే నీటికుక్కలు, గట్టెక్కితే మనుషులు. ఊళ్లోవాళ్ల కంట పడకుండా వాళ్లను పెంచడానికి ఆ తల్లి పడే పాట్లే సినిమా. స్టూడియోలో అందరికీ ఆ పిల్లలంటే ముద్దు వచ్చేసింది. గోడలనిండా వాళ్ల బొమ్మలే. అలాంటి పిల్లలు తెర మీద ఉన్నంతసేపూ లోకానికి ప్రేమ పొంగుకొస్తుంది, రైల్లో పక్క సీట్లో కూర్చుంటే మాత్రం జనం లేచి వేరేచోటికి పోతారు.

మిసావో వంతుకు ఆ ఇద్దరిలో చిన్నపిల్ల వసారా మీదుగా తల్లి దగ్గరికి పరుగెత్తే దృశ్యం వచ్చింది. మధ్యలో పదకొండు బొమ్మలు. ఒక్క పూటలో గీసి ఇచ్చేసింది. మరునాడు హయసాకా తొమియే కబురు పంపింది. ఆమె మధ్య బొమ్మలను పరీక్ష చేసే పెద్దావిడ. ఆమె కళ్లజోడు కింది నుంచి తప్పు గీత ఏదీ తప్పించుకోలేదు. బొమ్మలను వేళ్ల మధ్య పట్టుకుని గబగబా తిప్పి చూపించింది. కాగితాల మీద పిల్ల పరుగెత్తింది.

"మొదటి బొమ్మలో మడమ నేల మీదుంది. చివరి బొమ్మలోనూ ఉంది. మధ్యలో నీ పదకొండింట్లో ఒక్కచోటన్నా ఆనిందా?" అంది హయసాకా.

మిసావో చూసింది. ఆనలేదు. చేతులు కూడా కాస్త వెనక్కి ఉన్నాయి. పదిహేడేళ్లలో ఆమె ఇలాంటి తప్పు చేయలేదు.

"ఎవర్ని చూసి గీశావు?"

"ఎవర్నీ చూడలేదండీ."

"మళ్లీ గియ్యి. ఇలా నడిచే పిల్ల ఎక్కడా ఉండదు."

హయసాకా చెడ్డమనిషేమీ కాదు. ఆ మాట రోజుకు పది బొమ్మల గురించి పదిమందితో అంటుంది. మిసావో మాత్రం దాన్ని ఇంటికి మోసుకెళ్లింది. సాయంత్రంలోగా పదకొండు బొమ్మలూ మడమలు ఆనించి మళ్లీ గీసింది. తర్వాత తలెత్తి కూతురివైపు చూసింది.

నవంబరులో పరీక్ష ఉంది. వచ్చే ఏప్రిల్లో బడిలో చేరాల్సిన పిల్లలందరినీ పిలిచి డాక్టర్లూ టీచర్లూ చూస్తారు. తేడా కనబడితే వీధి చివరి బడి ఉండదు, గంటసేపు బస్సులో వెళ్లే వేరే బడి ఉంటుంది. వీధి చివరి బడి గంట మిసావో బల్ల దగ్గరికి వినబడుతుంది. కయానో ఆ గంట వినగానే తల పక్కకు వంచి వింటుంది. ఆ ఒక్క కారణం చాలు, నా కూతురు అక్కడే చదవాలని మిసావో పట్టుబట్టి కూర్చుంది.

అలా మొదలైంది. పొద్దున పని మొదలుపెట్టే ముందు ఒకసారి, సాయంత్రం అన్నానికి ముందు ఒకసారి. చాప మీద కూతుర్ని నడిపిస్తూ, వెనక మోకాళ్ల మీద పాకుతూ, మడమ పైకి లేచిన ప్రతిసారీ పెన్సిలు మొద్దు కొసతో తట్టి, "మడమ, కయానో. మడమ" అనేది. వినకపోతే రెండు చీలమండలూ పట్టుకుని కిందికి నొక్కేది. పిల్ల ఏడ్చినా వదల్లేదు. ప్రేమ లేక కాదు, ప్రేమతోనే నొక్కింది. ఆ సంగతి కాళ్లకు తెలియదు.

అక్టోబరు చివర్లో ఓతాకి అవ్వ మెట్ల దగ్గర ఆపి, "ఏం అమ్మాయ్, చుట్టాలొచ్చారా? పైన ఎవరో నడుస్తున్నారు" అని అడిగింది.

"మా అమ్మాయే, అవ్వా," అంది మిసావో. చెబుతూంటే నవ్వాగలేదు. ఆ పూట ఎర్ర గింజలు వేసి పండగ అన్నం వండింది. కయానో గింజలన్నీ ఏరి పక్కన పెట్టి, తెల్ల మెతుకులు తిని, లేచి దబ్, దబ్ అని నడుచుకుంటూ గది మూలకు వెళ్లి కూర్చుంది. పిల్ల ఇప్పుడు రాగం తీయడం లేదని మిసావోకు ఇంకొన్నాళ్లకు గాని తట్టలేదు. ఎప్పుడు ఆగిందో కూడా గుర్తులేదు. దానికి బదులుగా ఒక మాట మాత్రం వచ్చింది. అడుగు వేసే ముందు పిల్ల తనకు తానే మెల్లగా చెప్పుకునేది, "మడమ."

పరీక్ష రోజున కయానో ఆ పెద్ద గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి చక్కగా నడిచింది. పిల్ల కాళ్లవైపు ఎవరూ చూడలేదు. డాక్టరు తల వంచుకుని ఏదో రాసుకుంటున్నాడు. తర్వాత ఒకావిడ కుక్క బొమ్మ, పడవ బొమ్మ చూపించి ఇదేమిటమ్మా అని అడిగింది. పేరు అడిగింది. కయానో కిటికీవైపు తిరిగింది. డిసెంబరులో ఉత్తరం వచ్చింది, బస్సు ఎక్కడ ఎన్ని గంటలకు ఆగుతుందో కూడా అందులో మర్యాదగా రాసి ఉంది. మిసావో ఉత్తరం మడిచి, బల్ల కింద పెట్టి, ఆ పూట గీయాల్సినవి గీసింది.

అదే వారంలో హయసాకా కమలాపళ్ల సంచితో మేడ మెట్లెక్కి వచ్చింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ రాని మనిషి. పక్కన పడేసిన ఆ పదకొండు బొమ్మలూ ఇంకా తన బల్ల మీదే ఉన్నాయట. దర్శకుడు దేనికోసమో వచ్చి, ఊరికే వేళ్లతో తిప్పి చూసి, మళ్లీ మళ్లీ తిప్పాడట. నీటిలో పుట్టిన పిల్ల నేల మీద ఇలాగే నడుస్తుంది, ఇన్నాళ్లూ నాకు దొరకనిది ఇదే అన్నాడట. సినిమా అంతటా చిన్నపిల్ల నడక మార్చాలి, అది మిసావోనే గీయాలి. మధ్య బొమ్మల మనిషికి అంతకంటే గౌరవం లేదు. హయసాకా ఆ మాట చెబుతూ గర్వపడింది కూడా. అప్పుడు పక్క గదిలో కూర్చున్న కయానో కనబడింది.

"ఈ పిల్లేనా?"

"మా అమ్మాయండీ. ఆ రోజు అబద్ధం చెప్పాను."

"ఒక్కసారి నడవమను. చూస్తాను."

మిసావో పిలవలేదు. పళ్ల వాసనకు కయానో తనే లేచింది. "మడమ" అనుకుని అడుగు వేసింది. దబ్. మళ్లీ అనుకుని ఇంకో అడుగు. చేతులు పక్కలకు అతుక్కుని ఉన్నాయి. ఒక కమలాపండు తీసుకుని, అలాగే అడుగడుగూ చెప్పుకుంటూ తన మూలకు వెళ్లిపోయింది. హయసాకా కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నేను బొమ్మ గురించి అన్నానే," అంది.

"బొమ్మలు దిద్దానండీ. తర్వాత దీన్ని దిద్దాను."

ఆ చలికాలమంతా మిసావో కూతుర్ని మళ్లీ పాత నడకకు తేవాలని చూసింది. చెప్పులు తీసేసింది, చాప మీద మెత్తటి దుప్పట్లు పరిచింది, తనే మునివేళ్ల మీద ముందు నడిచి చూపించింది. కయానో తల్లి పాదాలవైపు చూసి, వంగి, ఆ మడమలను తన చిన్న చేత్తో కిందికి నొక్కింది. ఆ తర్వాత మిసావో ఇక ప్రయత్నించలేదు. గుర్తున్నదాన్ని బట్టి గీసింది. రెండువేల పైచిలుకు బొమ్మలు. పిల్లలో మిగలని నడక ఆమె చేతిలో ఒక్క వెంట్రుక వాసి కూడా తప్పకుండా మిగిలి ఉంది. ఆమె జీవితంలో అంత బాగా ఎప్పుడూ గీయలేదు, అంత ఏడ్చుకుంటూ కూడా గీయలేదు.

జులైలో సినిమా విడుదలైంది. ఒక మామూలు రోజు ఉదయం ఆటకు కూతుర్ని తీసుకుని వెళ్లింది, జనం పలచగా ఉంటారని. వెనక వరుసలో చివరి రెండు సీట్లు. కయానో సీట్లో కాళ్లు వేలాడేసుకుని బుద్ధిగా కూర్చుంది. తెర మీద ఏరు పారింది, కొండలు వచ్చాయి, ఇల్లు వచ్చింది. వసారా గుమ్మంలో చిన్నపిల్ల నిలబడింది. చేతులు కాస్త వెనక్కి పెట్టుకుని, మునివేళ్ల మీద, మడమలు ఎక్కడా ఆనకుండా బయల్దేరింది.

కయానో ముందుకు వంగింది. చూస్తూ చూస్తూ సీటు దిగి నిలబడింది. గుర్తుపట్టిందేమోనని మిసావో తెర వదిలి కూతురివైపు తిరిగింది. రాగం తీస్తుందేమోనని, ఒక్కసారి తీస్తే చాలునని చెవులు రిక్కించి వింది.

"మడమ," అంది కయానో.

గొంతు పిల్లదే, పలికిన తీరు మిసావోది. ఆ విసుగు, ఆ పట్టుదల, అన్నీ అచ్చం ఆమెవే. ముందు వరుసలో ఇద్దరు వెనక్కి తిరిగారు. కయానో తన రెండు మడమలనూ నేలకేసి గట్టిగా నొక్కి, ఇలా అన్నట్టు తెరకు చూపిస్తూ, ఇంకాస్త గట్టిగా అంది, "మడమ. మడమ."

తెర మీది పిల్ల వినలేదు. అలాగే మునివేళ్ల మీద పరుగెత్తుకుంటూ వెళ్లి తల్లి ఒళ్లో పడింది.