చదువు అప్పు పోతుందా, పోదా

పర్వత్ పాటియాలో నేను అద్దెకు తీసుకున్న షెడ్డులోంచి ఎంబ్రాయిడరీ మిషన్లను ఫైనాన్స్ వాళ్లు ట్రక్కులోకి ఎక్కిస్తుంటే బాపు నా పక్కనే నిలబడి చూశాడు. సిరిసిల్ల వైపు పల్లె నుంచి పెళ్లికి ముందే సూరత్ వచ్చి, అప్పటి నుంచీ మరమగ్గాల మీదే బతికిన మనిషి. నేను పుట్టి పెరిగింది ఇక్కడే, నవాగామ్‌లో. మిషన్లు పోతున్నందుకు ఏడుస్తాడేమోనని భయపడ్డాను. ఆయన ఏడవలేదు. "జర మెల్లగ పట్టున్రి, సూదులు ఇరుగుతయ్," అని తీసుకుపోయేవాళ్లకే జాగ్రత్తలు చెప్పాడు.

నాకు పని ఇచ్చే చీరల వ్యాపారి అంతకు కొన్ని నెలల ముందు షటర్ దించి మాయమైపోయాడు. బట్టల మార్కెట్లో దీన్ని 'ఉఠమణు' అంటారు. ఆ మాటకు అసలు అర్థం, మనిషి పోయాక బంధువులు పరామర్శకు కూడటం. ఆ వార్త చెప్పిన రోజు అమ్మ "అయ్యో, ఎవలు పోయిన్రు?" అని అడిగింది. ఎవరూ పోలేదని, మనకు రావలసినవి మాత్రం పోయాయని చెప్పాను. ఆ తర్వాత దారం కొట్టువాడికి, కార్డు కంపెనీకి, మిషన్ల ఫైనాన్స్‌కు, ఎవరికీ కట్టలేకపోయాను. వీటన్నిటికంటే పాతది చదువు అప్పు. టెక్స్‌టైల్ ఇంజనీరింగ్ కోసం బ్యాంకులో తీసుకున్నది. ఉద్యోగం చేసినన్నాళ్లూ కట్టాను, సొంత షెడ్డు పెట్టాక అదీ ఆగిపోయింది. ఆ కాగితాల మీద నా సంతకం కింద బాపు సంతకం ఉంది.

మనవైపు ఐపీ పెట్టాడంటే ఊరిని ముంచి పోయాడనే అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ని. మార్కెట్లో తెలిసిన ఒకాయన, పారిపోయేవాడు వేరు, నా దగ్గర లేదని కోర్టుకు వెళ్లి చెప్పేవాడు వేరు అన్నాడు. గుజరాతీలో దాన్ని నాదారీ అంటారట. ఆ మాట కాస్త మర్యాదగా వినిపించింది. అఠ్వాలైన్స్‌లో కోర్టు ఎదుట ఒక కుర్ర వకీలు దగ్గరికి వెళ్లాను.

ఆయన నేను చెప్పిందంతా విని, కంప్యూటర్‌లో చట్టం తెరిచి హిందీలో వివరించాడు. దివాలా తీశాక కూడా మాఫీ కాని బాకీలు కొన్ని ఉంటాయట. కోర్టు వేసిన జరిమానా, ఒకరికి నిర్లక్ష్యంతో చేసిన నష్టానికి కట్టాల్సిన పరిహారం, భార్యాపిల్లల భరణం. ఆ వరుసలోనే విద్యా రుణం.

"మిషన్ల అప్పు?" అని అడిగాను.

"పోతుంది."

"కార్డు మీద వాడింది?"

"అదీ పోతుంది. చదువుది ఒక్కటే ఉంటుంది."

"ఎందుకు?"

"ఎందుకో చట్టంలో రాయరు భాయ్. ఏమిటో మాత్రమే రాస్తారు."

బస్సులో ఇంటికి వస్తూ అదే ఆలోచించాను. జరిమానా అంటే తప్పు చేసినవాడికి. పరిహారం అంటే ఎవరినో గాయపరిచినవాడికి. వాళ్ల మధ్య నేనెందుకు కూర్చున్నానో అర్థం కాలేదు. కార్డు మీద కొన్న ఫోను అప్పు తుడిచేసి, దారం బలం లెక్కగట్టడం నేర్చుకున్న అప్పు ఉంచేస్తారట. డిగ్రీ చేతికి రాగానే పిల్లలంతా దివాలా తీస్తారని భయమేమో. కావచ్చు. కానీ నేను అలా చేయలేదు కదా.

ఇంటికి వచ్చి బాపుకు చెబితే ఆయనకు ఇంకో అనుమానం వచ్చింది.

"నువ్వు ఐపీ పెడితె బ్యాంకోడు ఎవలి దగ్గరికి వస్తడు?"

"నీ దగ్గరికి రావచ్చు బాపు. నువ్వు కూడా సంతకం పెట్టినవ్ గదా."

"నేను సదువుకోలే గదరా. నామీద సదువు అప్పేంది?"

అప్పు కాగితాలు మళ్లీ తీసి ఆయన సంతకం చూశాను.

మార్కెట్ ఆయన ఇంకొక వకీలును కూడా అడగమన్నాడు. ఆమె పెద్దావిడ. అందరూ వకీల్ బెన్, అంటే వకీలు అక్క, అంటారు. కుర్ర వకీలు చెప్పింది చెబితే కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"అతను చూపించింది కొత్త చట్టం. కంపెనీలకు, కంపెనీ అప్పుకు హామీ ఇచ్చినవాళ్లకు అది నడుస్తోంది. నీలాంటి మామూలు మనుషుల భాగం పుస్తకంలో ఉంది కానీ ఇంకా అమల్లోకి తేలేదు, దీకరా." దీకరా అంటే గుజరాతీలో కొడుకా అని. "నీకు వర్తించేది ఇంగ్లీషువాళ్ల కాలం నాటి పాత చట్టం. అందులో విద్యా రుణం అన్న మాటే లేదు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. "అంటే అదీ పోతుందా?"

"పోవచ్చు. బ్యాంకు అభ్యంతరం చెప్పవచ్చు. జడ్జి కొత్త చట్టం ఉద్దేశం చూడవచ్చు, చూడకపోవచ్చు. నేను మాట ఇవ్వను. ఒకటి మాత్రం ఖాయం. నీది పోయినా మీ నాన్నది పోదు. ఆయన సంతకం ఆయనదే."

ఒక చట్టం పోదంటుంది కానీ అది నాకు వర్తించదు. వర్తించే చట్టానికి ఆ అప్పు సంగతే తెలియదు. చదువు అప్పులు లేని కాలంలో రాసిన చట్టం ముందు నేను చేతులు కట్టుకుని నిలబడాలి. అయినా ఆమెతోనే జిల్లా కోర్టులో అర్జీ వేయించాను. చదువు అప్పుతో సహా అన్నీ అందులో రాశాం.

అదే సమయంలో పల్సానాలో ఒక డైయింగ్ మిల్లులో ఉద్యోగం దొరికేలా ఉంది. ఒరిజినల్ డిగ్రీ పట్టుకుని రమ్మన్నారు. బీరువా తెరిస్తే అది లేదు. అమ్మా నేనూ చీరల మడతలు విప్పి, పరుపు కింద చూసి, అటక మీది డబ్బాలు దించి ఇల్లంతా వెతికాం. షెడ్డు ఖాళీ చేసినప్పుడు పోయిందేమోనని భయపడుతూ అవే డబ్బాలు మళ్లీ వెతికాను. బాపు పని నుంచి వచ్చి, గడపలో చెప్పులు విడుస్తూ, ఇంట్లో పరిచి ఉన్న సామాను చూశాడు.

"ఏం దేవులాడుతున్నరు?"

"నా డిగ్రీ కనిపిస్తలేదు బాపు."

ఆయన లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. "నా దగ్గరుంది. కార్ఖానల పెట్టిన."

"కార్ఖానల ఎందుకు?"

"మిషిన్ల అప్పు కట్టకపోతె మిషిన్లు గుంజుకపోయిన్రు గదా. సదువు అప్పు కట్టకపోతె దీన్ని గుంజుకపోతరనుకున్న. జప్తుకు ఇంటికి వస్తరు గని కార్ఖానకు రారని ఆడ దాచిన."

అమ్మ నవ్వడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. డిగ్రీని ఎవరూ జప్తు చేయరని నేను చెప్పాను.

"ఎవలు చెప్పిన్రు?" అని అడిగాడు బాపు.

నిజానికి నాకు ఎవరూ చెప్పలేదు. ఆ కొన్ని వారాల్లో విన్నవన్నీ తలచుకుంటే ఆయన భయం వాటికంటే వింతగా ఏమీ లేదు. మర్నాడు వకీల్ బెన్‌కు ఫోన్ చేసి అడిగాను. ఆమె నవ్వలేదు. దాన్ని వేలం వేస్తే కొనేవాడెవడు, భయపడొద్దని మీ నాన్నకు చెప్పు అంది. ఆ సాయంత్రం బాపు దాన్ని పాలిథిన్ సంచిలో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని తెచ్చాడు. ఒక మూలకు నూనె మరక అంటింది. మిల్లువాళ్లు ఆ మరకను వేలితో రుద్ది చూసి, ఉద్యోగం ఇచ్చారు.

మొదటి జీతం రాగానే చదువు అప్పు వాయిదా కడదామనుకున్నాను. బాపు మీదకు ఎవరూ రాకూడదని. వకీల్ బెన్ వద్దంది.

"అర్జీ కోర్టులో ఉంది. అప్పిచ్చిన ఇంతమందిలో ఒక్కరికే కడితే మిగతావాళ్లు అడుగుతారు, మాకెందుకు కట్టలేదని. అది నీకే చుట్టుకుంటుంది."

"ఇన్నాళ్లు కట్టలేదని తిట్టారు. ఇప్పుడు కడితే తప్పా?"

"ఇప్పటికి తప్పే. మీ నాన్న తన సంపాదనలోంచి కడితే ఎవరూ అడగరు. అది ఆయన బాకీ కూడా."

ఈ సంగతి బాపుకు ఎలా చెప్పాలో తెలియక అన్నం తినేటప్పుడు చెప్పాను. పెద్దగా ఆలోచించలేదు ఆయన. ఇంటి ఖర్చులు నేను చూసుకుంటే చదువు అప్పు తాను చూసుకుంటానన్నాడు. పని మానేసి కాళ్లు చాపుకోవాలనుకుంటున్న వయసులో ఇంకో షిఫ్టుకు కూడా పేరు రాయించుకున్నాడు. వద్దని గట్టిగా అన్నాను. అమ్మ నా వైపే మాట్లాడింది. ఆయన కంచం ఎత్తి గంజి తాగి లేచిపోయాడు.

చాలా వాయిదాల తర్వాత కోర్టు నన్ను నాదారుగా ప్రకటించింది. దారం కొట్టువాడు ఫోన్లు మానేశాడు. కార్డు కంపెనీ మనుషులు రావడం ఆగింది. బాకీల నుంచి పూర్తి విడుదల ఇచ్చే ఉత్తర్వు మాత్రం ఇంకా రావాలి. దానికి వేరే అర్జీ, వేరే వాయిదాలు. చదువు అప్పు గురించి ఇప్పటి ఉత్తర్వులో ఏముందని అడిగితే, బాకీల్లో ఒకటిగా పేరుందని, పోతుందనీ లేదని, పోదనీ లేదని వకీల్ బెన్ చెప్పింది.

మొన్న నెల మొదట్లో సెలవు పెట్టి బాపుతో బ్యాంకుకు వెళ్లాను. ఆయన కౌంటర్ దగ్గర డబ్బు ఇచ్చి, రసీదు తీసుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. బయట మెట్ల మీద ఎండ మండుతోంది. పక్కనే చెరకు రసం బండి దగ్గర నిలబడ్డాం.

"ఇది మొత్తం నేను కట్టినంక," అన్నాడు, "జడ్జి నీ సదువు అప్పు మాఫ్ అంటె, నేను కట్టింది వాపస్ ఇస్తరా?"

"ఇయ్యరనుకుంట బాపు."

"మాఫ్ గాదంటె?"

"నువ్వు కట్టేసినవ్ గదా. అప్పుడు ఉండదు."

బాపు రసం గ్లాసు అందుకున్నాడు. "మరి జడ్జి దేని గురించి చెప్తడు?" అన్నాడు.

తెలియదన్నాను. ఆయన తల ఊపి, రసం తాగేసి, రెండో షిఫ్టుకు ఆలస్యమవుతోందని ఆటో కోసం రోడ్డు దాటాడు.