కొండ మీద నాన్న ఎత్తిన చెయ్యి

మా చిన్నప్పుడు... అమెరికాలో మేముండే మోరిస్‌విల్ నుంచి కొండలు చూడ్డానికి బయల్దేరిన ఆ రోజు, కారంతా పులిహోర వాసన. వెనక సీట్లో తాతయ్య, ఆయన పక్కన నేను. ముందు సీట్లో అమ్మ. అమ్మ ఒళ్ళో నాన్న సెల్‌ఫోన్. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది, ఎక్కడ ఒలికిపోతుందో అన్నట్టు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తాతయ్యకి తెలియని సంగతి ఒకటి నాకు తెలుసు... నాన్న ఉద్యోగం పోయింది.

ఊరంతా లే ఆఫ్‌లు నడుస్తున్న రోజులవి. మాది వీసా బతుకు. వెంటనే ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదిలి వెళ్ళిపోవాలి. నా స్కూలు, నా స్నేహితులు, నా గది... అన్నీ వదిలేసి. గుంటూరు నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చిన తాతయ్యకి మాత్రం చెప్పలేదు. ఆయనకి బీపీ, బెంగ పెట్టుకుంటారని.

అందుకని నాన్న రోజూ పొద్దున్నే ఇస్త్రీ షర్టు వేసుకుని, లంచ్ బాక్స్ పట్టుకుని 'ఆఫీస్‌కి' వెళ్ళేవాడు. వెళ్ళేది లైబ్రరీకి. అమ్మ ఆ బాక్స్‌లో పెరుగన్నం, మాగాయ ముక్క పెట్టి మరీ పంపేది. అబద్ధానికి కూడా అంత శ్రద్ధ ఏమిటో మనవాళ్ళకి!

తాతయ్య తిరుగు ప్రయాణం దగ్గర పడింది. ఆయన ఈ దేశంలో మా ఇల్లు, ఇండియన్ స్టోర్ తప్ప ఏమీ చూడలేదు. అందుకే కొండల ట్రిప్పు అనుకున్నాం. తీరా అనుకున్నాక, అదే రోజు మధ్యాహ్నం రెండింటికి నాన్నకి ఫోన్ ఇంటర్వ్యూ పడింది. షికాగో వైపు కంపెనీ. ఆఖరి రౌండు. మిగిలిన ఒకే ఒక్క ఆశ.

ట్రిప్పు మానేస్తే తాతయ్య ఎందుకని అడుగుతారు. "రెండింటికల్లా కొండ కింది ఊళ్ళో ఉంటాం, పార్కింగ్‌లో మాట్లాడేస్తాను" అన్నాడు నాన్న అమ్మతో. అంతా బాగానే ఉంది... ఆ బోర్డు కనిపించేదాకా.

గోధుమ రంగు బోర్డు, తెల్లటి అక్షరాలు, బాణం గుర్తు. సీనిక్ డ్రైవ్.

"అటు పోనీరా," అన్నారు తాతయ్య. "అంత అందంగా బోర్డు పెట్టి మరీ పిలుస్తున్నారు."

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ గడియారం వైపు చూసింది. వద్దంటే ఎందుకని అడుగుతారు. నాన్న బండి అటు తిప్పాడు.

అది చూడ్డానికి వేసిన రోడ్డు, చేరడానికి కాదు. మెలికల మీద మెలికలు. ముందు ఇల్లంత ఆర్‌వీ బండి ఒకటి, పెళ్ళి ఊరేగింపులా నడుస్తోంది. హైవేకి దిగే దారి ఎంతకీ రాదు. అమ్మ ఫోన్ వైపు వంగి, గొంతు తగ్గించి అంది... "ఏవండీ, సిగ్నల్ పోయింది."

అప్పటినుంచి నాన్న మనిషి మనిషిలా లేడు. దారి పక్కన కొండలు చూడ్డానికి కార్లు ఆపుకునే చోట్లుంటాయి కదా, ఓవర్‌లుక్‌లు... ఒక్కటీ వదల్లేదు. ఆపడం, ఫోన్ లాక్కుని రాతి గోడ దగ్గరికి పరిగెత్తడం, వెనక్కి రావడం, మళ్ళీ బండి తియ్యడం. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఏరా, అంత పరుగెందుకు? కొండలెక్కడికి పోతాయి?" అని నవ్వారు తాతయ్య.

"ఇక్కడి నుంచి ఇంకా బాగా కనిపిస్తాయి నాన్నగారూ" అన్నాడు నాన్న. ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అమ్మ బెంచీ మీద పులిహోర విప్పి, "మావయ్యగారూ, ముందు తినండి" అంటూ ఆయన్ని అటు తిప్పాలని చూస్తోంది. నేను కళ్ళు మూసుకుని నాకు తెలిసిన దేవుళ్ళందరినీ ఒక్క గీత అడిగాను. ఫోన్‌లో ఒకే ఒక్క సిగ్నల్ గీత.

రెండైంది. నాన్న గోడ ఎక్కేశాడు. ఫోన్ పట్టుకున్న చెయ్యి ఆకాశంలోకి ఎత్తి, మునివేళ్ళ మీద నిలబడ్డాడు. కింద లోయ. వెనక నీలం కొండలు, వరస మీద వరస. చచ్చేంత అందంగా ఉంది. ఆ అందం మీద నాకు ఒళ్ళు మండిపోయింది.

తాతయ్య తన చిన్న డిజిటల్ కెమెరాతో ఫొటో తీశారు.

గీత రాలేదు.

కొండ దిగాక గ్యాస్ స్టేషన్ దగ్గర ఫోన్ టింగుమంది. వాయిస్ మెసేజ్. నాన్న మాకు వీపు చూపించి, నిలబడి విన్నాడు. తర్వాత లోపలికెళ్ళి తాతయ్యకి కాఫీ తెచ్చాడు.

"ఎవర్రా ఫోను?"

"ఆఫీస్ వాళ్ళు నాన్నగారూ. అర్జెంటేం కాదు."

ఆ తర్వాత ఆ కంపెనీ వాళ్ళు మళ్ళీ చెయ్యలేదు, నాన్న చేస్తే ఎత్తలేదు. ఇంకెక్కడా ఏమీ దొరకలేదు. స్కూళ్ళు తెరిచేలోపే మేం సామాను సర్దుకుని గుంటూరు చేరాం. "మిమ్మల్ని వదిలి ఉండలేక వచ్చేశాం" అని తాతయ్యకి చెప్పాం. ఆయన పోయేదాకా అదే నమ్మారు. ముందు గదిలో ఆ ఫొటో ఫ్రేమ్ కట్టించి, వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు... "చూడండి, మావాడు ఆ కొండల మీద ఎంత సంబరంగా చెయ్యెత్తాడో! అలాంటి దేశాన్ని నాకోసం వదులుకున్నాడు."

నాన్న ఆ గదిలో ఎప్పుడూ ఆ గోడకి వీపు పెట్టి కూర్చునేవాడు.

నేను అమెరికాలోనే పుట్టినదాన్ని కాబట్టి చదువుకి మళ్ళీ ఇక్కడికి వచ్చాను. మొన్న ఒక్కదాన్నే అదే బోర్డు దగ్గర బండి తిప్పాను. అదే రాతి గోడ, అవే కొండలు. ఫోన్ తీస్తే నిండుగా గీతలు. నాన్నకి వీడియో కాల్ చేసి, కెమెరా కొండల వైపు తిప్పాను.

నాన్న కొండల గురించి ఒక్క మాట అనలేదు. "అక్కడ ఇప్పుడు సిగ్నల్ వస్తోందా అమ్మా?" అన్నాడు.

మీ ఇంటి గోడ మీదా ఉందా అలాంటి ఫొటో... అందరికీ పండగలా కనిపించేది, అసలు సంగతి ఒకరిద్దరికే తెలిసినది? ఉంటే చెప్పండి. ఇవాళ నాకు వినాలని ఉంది...