మార్తక్క గీసిన లావు అక్షరాలు

నోరూ మాటా ఇచ్చిన దేవునికి స్తోత్రం. మనసులోని చేదును కూడా ఆయన సన్నిధిలో కుమ్మరించవచ్చు గనుక ఇది రాస్తున్నాను.

నిన్న జనగామ బస్టాండు దగ్గర కొత్త ఫ్లెక్సీ కడుతున్నారు. ఎండకు దాని రంగు వాసన ఘాటుగా ముక్కుకు తగిలింది. తలెత్తి చూస్తే మా పాత సంఘం వాళ్ల ఉజ్జీవ సభల ప్రకటన. లావుగా, గుండ్రంగా, ఎక్కడా మొన తేలని ఆ అక్షరాలు మార్తక్కవి.

మహబూబాబాద్‌లో ఆమె ఫ్లెక్సీ దుకాణంలోనే నేను డిజైన్ పని నేర్చుకున్నాను. ఆ లావు అక్షరాల ఫాంటును ఆమె కంప్యూటర్‌లో ఒక్కో అక్షరం గీసి తయారు చేసింది. తెలుగు అక్షరాన్ని లావు చేస్తే లోపలి ఖాళీ పూడిపోతుంది, కింది వత్తు పైదానికి అంటుకుపోతుంది. అక్క అక్షరాలను ముద్రించి రోడ్డుకు అవతల కట్టించేది. ఇవతల నిలబడి కళ్లు సగం మూసి చూసేది. ముద్దగా కనిపించినదాన్ని మళ్లీ గీసేది. ఒకసారి నేను కరపత్రంలో బైబిలు వాక్యమంతా ఆ అక్షరాల్లోనే పెట్టాను.

"ఏంది రూతూ, గిది చదివెటోళ్లకు ఊపిరాడుతదా?" అంది. "గివి పిలిచే అక్షరాలు. సభ పేరుకు పెట్టు, మిఠాయి దుకాణానికి పెట్టు, పిల్లల బడికి పెట్టు. వాక్యానికి సన్నయి పెట్టు, మనిషి నిమ్మళంగ కూసొని చదువుకుంటడు."

సభల ప్రకటనల కోసం ఆ ఫాంటును అప్పుడు మేమిద్దరం వెళ్లే సంఘానికి ఊరికే ఇచ్చింది. అడిగింది ఒక్కటే, అడుగున చిన్నగా తన పేరు. సంఘ పెద్ద నవ్వాడు.

"మహిమంత దేవునిదే గదక్కా, మన పేర్లెందుకు?"

అక్క సరేనంది. తీరా ఫ్లెక్సీ కట్టాక చూస్తే, ప్రభువు నామం కంటే పెద్దగా సంఘ పెద్ద పేరు, అవే అక్షరాల్లో. ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె అందరి ముందే అడిగింది.

"అన్నా, మహిమంత దేవునిదంటివి. యేసయ్య పేరేమో నీ పేరు కింద ఇరుక్కున్నది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క అన్నది నిజమేనని నేను లేచి చెబితే కూర్చోమన్నారు. మరుసటి నెల యేసయ్య జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్ల ఆచరించినప్పుడు రొట్టె పళ్లెం ఆమెను దాటి నా ముందుకు వచ్చింది. పెద్దను అవమానించిందట, క్షమాపణ చెప్పేదాకా బల్లలో పాలు పొందకూడదట. నేనూ తీసుకోలేదు. అక్క చివరి పాట పూర్తయ్యేదాకా కూర్చుని లేచి వెళ్లింది. క్షమాపణ చెప్పలేదు. సంఘం వాళ్లు ఆమె దుకాణం గడప తొక్కడం మానేశారు. చివరికి దుకాణం ఎత్తేసి భూపాలపల్లిలో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది.

నేను అక్కడికి వెళ్లి, తిరిగి సంఘానికి రమ్మని బతిమాలాను.

"నేను దేవుణ్ణి ఇడువలే రూతూ. రోజు మాట్లాడుకుంటనే ఉన్నం. గా బల్ల ఆయనది గాకపాయె, నేనేం జెయ్యాలె?" అంది.

ఇప్పుడు నేను జనగామలో వేరే సంఘానికి వెళుతున్నాను. అక్కడా రొట్టె పంచేటప్పుడు తల వంచలేను. పళ్లెం ఎవరినైనా దాటిపోతుందేమోనని చూస్తూనే ఉంటాను. నా కోపం చల్లారలేదు, చల్లార్చమని అడగడం కూడా మానేశాను. చదివే మీరు నాతో కలిసి ప్రార్థించండి. మార్తక్క తిరిగి రావాలని అడగకండి. ఆమెను దాటిపోయిన చేతులకు సిగ్గు ఇమ్మని అడగండి. ఆమేన్.