మా అవ్వ చెల్లని ఓటు

మా చిన్నప్పుడు... నంద్యాలలో మున్సిపల్ ఎన్నికలు వచ్చాయంటే చాలు, మా గడపలోకి మనుషులు బుట్టలతో, సంచులతో దిగేవాళ్ళు. ఐదేళ్ళు కనబడని మొహాలన్నీ ఆ వారంలోనే "బాగుండావా అవ్వా?" అంటూ ఇకిలించేవి. ఏం ప్రేమలో, ఏం నటనలో... ఛీ!

ఆ ఏడాది మా వార్డులో నలుగురు నిలబడ్డారు. ఒక పార్టీ ఆయన మా అవ్వకు చీర పెట్టాడు. ఇంకో పార్టీ ఆయన స్టీలు డబ్బా ఇచ్చాడు. మూడో ఆయన బుట్టెడు బనగానపల్లె మామిడిపండ్లు పంపాడు. నాలుగో మనిషి రత్నమ్మ... ఏ పార్టీ లేదు, నిచ్చెన గుర్తు. మా వీధిలో సగం మందికి పురుడు పోసిన మంత్రసాని. నన్ను భూమ్మీదికి తెచ్చిన చేతులూ అవే. వీధికి కొళాయి వేయిస్తానని ఇల్లిల్లూ తిరిగి దండం పెట్టింది, అంతే. ఇవ్వడానికి ఆమె దగ్గర ఏముంది గనక...

రత్నమ్మే గెలవాలని అవ్వ రోజూ దేవుడికి చెప్పుకునేది.

పోలింగ్ నాడు అవ్వ ఓటేసి రాగానే మా నాయన అడిగాడు.

"నిచ్చెన మీదే గుద్దినావా అమ్మా?"

"గుద్దినా. కడమ మూడిట్ల మీదా గుద్దినా. అందరి సొమ్మూ తింటిమి గద నాయనా! ఒకరికేసి ఇంకొకరికి ఎగ్గొడితే పాపం తగల్దా?"

నాయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "అయ్యో, అట్ల గుద్దితే ఓటే చెల్లదు గదమ్మా!"

మామిడిపండ్లు చీకుతూ మేం పిల్లలం పడీపడీ నవ్వాం.

లెక్కింపు నాడు ఆ నవ్వు ఆగిపోయింది. రత్నమ్మ ఒక్క ఓటుతో ఓడిపోయింది... చెల్లని ఓట్లు ఇంకెన్ని పడ్డాయో ఎవరికి తెలుసు! అవ్వ మాత్రం ఆ ఒక్కటీ తనదేనని కూలబడి ఏడ్చింది. రత్నమ్మ ఎదురుపడుతుందేమోనని చాలా రోజులు వీధిలోకే రాలేదు.

గెలిచిన ఆయన ఎవరనుకున్నారు? చీర పెట్టిన ఆయన. పట్టుమని పది రోజులు కాలేదు, స్టీలు డబ్బా పార్టీలోకి దూకాడు. ఏడాది తిరక్కముందే మామిడిపండ్ల పార్టీ జెండా పట్టాడు. కొళాయి ఊసే లేదు.

అప్పుడు అవ్వ నాయనను నిలదీసింది.

"నేను అన్ని గుర్తుల మీదా గుద్దితే చెల్లదంటివే... ఆయప్ప అన్ని జెండాలూ మోస్తాండాడు గదరా, ఆయప్పెట్ల చెల్తాండాడు?"

బడిపంతులు మా నాయన... చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మొన్న ఆళ్ళగడ్డలో ఒక టీ కొట్టు దగ్గర ఆగాను. కౌన్సిల్లో ఏ పార్టీకి ఎన్ని వార్డులు వచ్చాయని ఊరికే అడిగాను. కొట్టాయన టీ తిరగబోస్తూ నా వైపు చూడకుండానే అన్నాడు.

"పొద్దుటి లెక్క గావాల్నా, సాయంత్రం లెక్క గావాల్నా అన్నా?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు... అవ్వ గుర్తొచ్చింది.

మీ వార్డులో గెలిచిన మనిషి ఈ పూట ఏ కండువాలో ఉన్నాడో మీరూ చెప్పండి... మా వార్డులో ఎందరో నిలబడ్డారు, గెలిచారు, దూకారు. ఇన్నేళ్ళలో సిగ్గుతో తల దించుకున్నది మాత్రం మా అవ్వ ఒక్కతే.