నీళ్లంటే భయపడిన ఈదమ్మత్త

ఎండాకాలం వచ్చిందంటే పడవ బ్యాటరీ మూతలు తరచుగా విప్పి నీళ్లు చూసుకుంటాను. మొన్న పొద్దున సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డున కూర్చుని అదే పని చేస్తుంటే, మూత తీయగానే పుల్లటి ఘాటు ముక్కుకు తగిలింది. పడవలో ఉన్నవాళ్లు ముఖం తిప్పుకున్నారు. నాకు మాత్రం కొల్లాపూర్‌లోని ఒక ఇరుకు కొట్టు గుర్తుకొచ్చింది. నేల మీద బుసబుసమంటూ చార్జింగ్ ఎక్కుతున్న బ్యాటరీలు, వాటి మధ్య పీట వేసుకుని కూర్చున్న ఈదమ్మత్త. యాసిడ్ చుక్కలు పడి ఆమె చీరలన్నిటికీ జొన్నగింజంత చిల్లులుండేవి. "ఒక మంచి చీరన్న దాచిపెట్టుకోరాదా అత్తా?" అని ఒకసారి అడిగాను. "దాచిపెట్టిన బిడ్డా. అది కట్టుకున్ననాడే ఎవరో ఒకరు బ్యాటరీ మోసుకొస్తరు" అని నవ్వింది.

ఆమె నాకు చుట్టమేమీ కాదు. భర్త పోయాక ఆయన కొట్టును మూసేయకుండా తనే నడుపుకొచ్చిన మనిషి. తెలంగాణ వచ్చిన తొలి రోజుల్లో మా ఆయన శ్రీను బండి మీద నుంచి పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. కృష్ణ మీద మనుషుల్ని, గొర్రెల్ని అవతలి ఒడ్డుకు దాటించే ఇంజను పడవే మా బతుకుదెరువు. చుక్కాని పట్టడం నాకు పెళ్లయిన కొత్తలోనే అలవాటైంది కాబట్టి పడవ నేను నడపసాగాను. ఇంజను సంగతి మాత్రం ఏమీ తెలియదు. సరిగ్గా అప్పుడే అది పొద్దున పూట మొరాయించడం మొదలుపెట్టింది. బ్యాటరీని కొల్లాపూర్ తీసుకుపోయి చార్జింగ్ పెట్టిస్తే రెండ్రోజులు బాగా నడిచేది, మళ్లీ చచ్చిపోయేది. బ్యాటరీ పాడైంది, కొత్తది కొనమని ఒడ్డున అందరూ ఒకే మాట చెప్పారు. నేనూ కొనడానికే ఆమె కొట్టుకు వెళ్లాను.

ఈదమ్మత్త అమ్మనంది. "దీనికేం రోగం లేదు బిడ్డా. నా దగ్గర నింపుకొని పోతాంది, నీ దగ్గర ఖాళీ అయితాంది. అక్కడ దానికి తిండి పెట్టేది సక్కగ పెడుతుందో లేదో చూసినవా?" అంది. చూడటం రాదన్నాను. "నాకు మాత్రం పుట్టంగనే వచ్చిందా?" అని కరెంటు కొలిచే మీటరు సంచిలో వేసుకుని, కొట్టు తలుపు దగ్గరికి వేసి, నాతో పాటు ఆటో ఎక్కింది.

ఒడ్డుకు వచ్చాక ఆమె నడక నెమ్మదించింది. నీళ్లను చూసి, పడవను చూసి, కొంగు బిగించింది. "నాకు నీళ్లంటే శాన భయం. చెరువుల కాలు పెట్టినదాన్ని గూడ కాదు. జర చెయ్యి ఇయ్యి" అంది. అంత పెద్ద మనిషి అంత తేటగా చెప్పడం నాకు వింతగా తోచింది. కట్టేసి ఉన్న పడవే అయినా, ఎక్కాక నా భుజం వదల్లేదు. నాతోనే ఇంజను స్టార్ట్ చేయించి, నాతోనే మీటరు పట్టించింది. ఇంజను ఆడుతుంటే ముల్లు పైకి లేవాలట. లేవలేదు. బెల్టు నొక్కి చూడమంది, గట్టిగానే ఉంది. తర్వాత బ్యాటరీని నింపే డైనమో నుంచి వచ్చే వైరును వేళ్ల మధ్య పెట్టుకుని జానెడు జానెడు లాగి చూడమంది. ఒకచోట అది రబ్బరులా సాగింది. పైతోలు నున్నగానే ఉంది, లోపలి రాగి మాత్రం తెగిపోయింది. కొత్త వైరు వేశాక ముల్లు లేచింది. నేను అరిచినంత పని చేశాను. ఆమె మాత్రం, "నన్ను ఒడ్డుకు దింపు ముందు" అంది.

ఆ తర్వాత తీరిక దొరికినప్పుడల్లా ఆమె కొట్టుకు వెళ్లేదాన్ని. ఎంత తెలివితక్కువ ప్రశ్న అడిగినా విసుక్కునేది కాదు. చాయ్ తెప్పించి, పాత బ్యాటరీ ఒకటి ముందర పెట్టి, మళ్లీ మొదటి నుంచి చెప్పేది.

మరుసటి వానాకాలం చివర, అవతలి ఒడ్డున ఉన్న చెల్లెలికి ఒంట్లో బాగాలేదని ఈదమ్మత్త నా పడవ ఎక్కింది. రోడ్డు మీద చుట్టూ తిరిగి పోవాలంటే దినమంతా పడుతుంది. పడవలో మల్లేశ్ అనే కాపరి, అతని గొర్రెలు కొన్ని ఉన్నాయి. ఆమె నడుమన కూర్చుని, ఒక గొర్రెను కావలించుకుని కళ్లు మూసుకుంది. నది మధ్యకు వచ్చేసరికి తెగిన వల ఒకటి పడవ అడుగున తిరిగే ఫ్యానుకు చుట్టుకుంది. ఇంజను ఆపాను. మల్లేశ్ కత్తితో వల కోసేశాడు. మళ్లీ స్టార్ట్ చేయబోతే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. గాలి మమ్మల్ని కుడివైపు రాళ్ల మీదికి నెడుతోంది. గొర్రెలు బెదిరి ఒకవైపుకు జరిగాయి, పడవ ఒరిగింది.

"అత్తా, జర నువ్వు రా!" అని కేక వేశాను.

"నేను లేవలేను బిడ్డా, నా కాళ్లు నా మాట ఇంటలేవు. నువ్వు చూసి చెప్పు, నేను ఇంట. లైటు ఏసినవా?" కళ్లు తెరవకుండానే అడిగింది.

"ఏసిన. మంచిగనే మండుతాంది."

"ఇప్పుడు సెల్ఫ్ కొట్టు. లైటు ఏమైతాంది?"

"మొత్తం పోతాంది అత్తా."

"అయితే కరెంటు ఉంది, దానికి తొవ్వ దొరుకుతలేదు. బ్యాటరీ మీది వైర్ల బిగింపుల మీద చెయ్యి పెట్టు. ఏదన్న వేడి ఉందా?"

ఒకటి చుర్రుమంది. విప్పి చూస్తే లోపల తెల్లటి పొడి పేరుకుని ఉంది. మల్లేశ్ కత్తి అందుకుని తళతళలాడేదాకా గీకి, తిరిగి బిగించాను. ఈసారి ఇంజను ఒక్క దెబ్బకు అందుకుంది. పడవను తిప్పేసరికి రాళ్లు తెడ్డుకు అందేంత దగ్గరలో ఉన్నాయి.

అవతలి ఒడ్డున దిగాక ఈదమ్మత్త ఇసుకలో చాలాసేపు కూర్చుండిపోయింది. నేనూ పక్కన కూర్చున్నాను. "ఇంత భయం పెట్టుకొని ఎందుకు ఎక్కినవ్ అత్తా?" అన్నాను. "నా చెల్లె ఈడ ఉండె గద. భయం తగ్గినంక పోదామంటే ఎన్నడు పోవాలె?" అంది. చెల్లెలు కోలుకున్నాక మళ్లీ నా పడవలోనే, మళ్లీ కళ్లు మూసుకునే వచ్చింది.

ఇప్పుడామె కొట్టు ఇచ్చేసి అచ్చంపేటలో కూతురి దగ్గర ఉంటోంది. శ్రీను భుజం నయమై చాలా కాలమైనా పడవ నేనే నడుపుతున్నాను. అతను టికెట్లు చూసుకుంటాడు. పోయిన ఏడాది రేవు దగ్గర పడవల వాళ్లందరినీ పిలిచి అధికారులు మీటింగు పెట్టారు. ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఇక్కడికి వచ్చే ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదన్న మాట చెప్పాలని ఉంది. అంతమంది మగవాళ్ల ముందు అంతవరకూ నోరు విప్పి ఎరగను. లేచి నిలబడ్డాను. ఎవరో నవ్వారు కూడా. "సార్, నాకు మాట్లాడాలంటే భయమైతాంది, జర చెప్పేదాక ఆగుండ్రి" అన్నాను. నవ్వు ఆగింది. చెప్పవలసిందంతా చెప్పిన తర్వాతే కూర్చున్నాను.

ఈ వేసవిలో రేవు మెట్ల పక్కన మరుగుదొడ్ల గోడలు లేచాయి, తలుపులు పెట్టారు, నీళ్ల ట్యాంకు ఎక్కించారు. పొద్దున్నే మొదటి పడవకు వచ్చే ఆడవాళ్లు అటు వెళ్లి, ముఖం కడుక్కుని, తీరిగ్గా మాట్లాడుకుంటూ వస్తారు. వాళ్లు వచ్చేదాకా పడవ ఆపుతాను.