షావుకారు వంతు గులాబీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో పగ తీర్చుకోవడం కూడా ఆవకాయ పెట్టినంత శ్రద్ధగా జరిగేది. మాది తగవులమారి ఇల్లేమీ కాదు. మా అమ్మమ్మ ఏ పని తలపెట్టినా ముందు సామాను సమకూర్చుకునేది, తర్వాత కొలతలు చూసుకునేది, ఆ తర్వాతే చెయ్యి పెట్టేది. పగ విషయంలోనూ ఆమెది అదే వరస. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నన్ను పద్ధతి గల మనిషి అనేవారు. ఆ పద్ధతి నేను దబీర్‌పురాలో, ఒక గులాబీ పందిరి దగ్గర నేర్చుకున్నానని వాళ్ళకి తెలియదు.

దబీర్‌పురా రైల్వే స్టేషన్ వెనక గల్లీలో ఉండేది మా తాతయ్య ఇల్లు. ముందు చిన్న వాకిలి, దానికీ గల్లీకీ మధ్య భుజమెత్తు గోడ. ఆ గోడవారన తీగ గులాబీ ఒకటి ఉండేది. పెళ్ళికి ముందు మా అమ్మ నాటిన చెట్టు అది. నాకు ఊహ తెలిసే నాటికి అమ్మ పోయింది. నాన్నది ఊరూరూ తిరిగే ఉద్యోగం కాబట్టి నేను అమ్మమ్మ దగ్గరే పెరిగాను. రోజూ స్నానం చేయించాక అమ్మమ్మ నా చేతికి ఒక గులాబీ ఇచ్చి అమ్మ పటానికి పెట్టించేది. అమ్మ గొంతు నాకు గుర్తులేదు, ఆమె నడక కూడా గుర్తులేదు. ఆ పువ్వు పెట్టే కాసేపే నాకు అమ్మ. మిగతా రోజంతా నేను తల్లిలేని పిల్లని.

మా ఎదురింట్లో ఒక షావుకారు ఉండేవాడు, గల్లీ అంతా సేటు అని పిలిచేది. బేగంబజార్‌లో ఇత్తడి సామాన్ల టోకు దుకాణం ఆయనది. మా తాతయ్య ఆ దుకాణంలోనే గుమాస్తా. షావుకారుకి భక్తి జాస్తి. తెల్లవారుతూనే తడి పంచెతో, నుదుటి నిండా విభూతితో, ఒక చేతిలో ఇత్తడి పూలసజ్జ, మరో చేతిలో వంకీ కర్ర పట్టుకుని గల్లీలోకి వచ్చేవాడు. ఎవరి గోడ మీంచి పువ్వు కనబడినా కర్ర తగిలించి కొమ్మను లాగేవాడు. దేవుడి పేరు చెప్పి కోస్తే దొంగతనం కాదని ఆయన నమ్మకం. ఆయన అంతటివాడు కాబట్టి గల్లీది కూడా అదే నమ్మకం.

మా గులాబీ గోడకి కొట్టిన రెండు మేకుల ఆధారంతో నిటారుగా పెరిగేది. నిటారుగా పెరిగే తీగ గులాబీ కొసనే పూస్తుంది. అంటే పూలన్నీ సరిగ్గా గోడ మీద, ఆయన కర్రకి అందేటట్టు పూసేవి. ఆయన లాగుడుకి మేకులు ఊడేవి, కొమ్మలు చీలేవి, వేరు కదిలేది. అమ్మమ్మ మట్టి ఎగదోసి, తాడు కట్టేది. తాతయ్య చూసీ చూడనట్టు దుకాణానికి వెళ్ళిపోయేవాడు. మా పొయ్యి వెలిగేది షావుకారు దుకాణం వల్ల మరి.

నేను బడిలో అక్షరాలు నేర్చిన ఏడు, అమ్మ తద్దినం రోజు పొద్దున లేచి చూస్తే చెట్టు గోడ మీంచి ఊడి నేల మీద పడి ఉంది. పెద్ద కొమ్మ ఒకటి మొదలుదాకా చీలింది. పువ్వు ఒక్కటి కూడా లేదు. అమ్మమ్మ నన్ను వెంటబెట్టుకుని ఎదురింటి గడప దగ్గరికి వెళ్ళి, తలొంచుకుని, ఈ ఒక్క రోజుకి ఒక పువ్వు తిరిగి ఇమ్మని అడిగింది. మా చెట్టు పువ్వే, మేమే అడుక్కున్నాం. షావుకారు అప్పుడే పూజ ముగించి బయటికి వచ్చాడు.

"దేవుని మీదికెల్లి తీసియ్యాల్నా? సచ్చినోల్లకు పువ్వెందుకు చెల్లె? వాసన సూస్తరా, సిగల పెట్టుకుంటరా?" అని నవ్వాడు. లోపల ఆయన భార్య చప్పున తల తిప్పుకుంది.

అమ్మమ్మ దండం పెట్టి వెనక్కి తిరిగింది. ఆ రోజు అమ్మ పటానికి తులసి కొమ్మ పెట్టాం. నాకు ఏడుపు కంటే కోపం ఎక్కువైంది. ఆయన బయటికి వస్తే నెత్తి మీద రాయి వేస్తానన్నాను. అమ్మమ్మ నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు.

"రాయి ఎయ్యకు బిడ్డా. నెత్తి పగిలినోన్ని సూసి గల్లంత అయ్యో అంటది. ఆయన్ని సూసి ఎవ్వరు అయ్యో అనొద్దు, నవ్వాలె. ఆయనన్న మాట మంచిగ యాద్ పెట్టుకో. అచ్చరం పోవద్దు."

నేను పలక మీద ఆ మాటలు రాసుకున్నాను. డైరీ రాయడం నాకు అప్పుడే మొదలైందనుకోవచ్చు.

అమ్మమ్మ ముందు చీలిన కొమ్మకి పేడ, మట్టి కలిపి పూసి గుడ్డ చుట్టింది. తర్వాత పందిరికి చెక్క కావాలంది. షావుకారు దుకాణానికి ఇత్తడి సామాను చెక్క పెట్టెల్లో వచ్చేది. ఖాళీ పెట్టెలు పొయ్యిలోకి పనికొస్తాయని గుమాస్తాలకి ఇచ్చేవారు. తాతయ్య తెచ్చి పడేసిన ఆ పెట్టెలని అమ్మమ్మ విప్పింది. మేకులు వంకరపోతే నేను రాతి మీద పెట్టి సుత్తితో సాపు చేశాను. ఆ చెక్కలని ఆమె రంపంతో సన్నని బద్దలుగా కోసింది. రెండు లావుపాటి గుంజల కింది భాగానికి చెద పట్టకుండా తారు పూసి గోడవారన పాతింది. పందిరిని గోడకి ఆనించలేదు, మధ్యలో జానెడు సందు వదిలింది. గాలి ఆడకపోతే ఆకుకి బూజు పడుతుందట. గుంజల మీద అడ్డబద్దలు కొడుతుంటే కొన్నింటి మీద షావుకారు దుకాణం గుర్తు నల్లగా కనబడింది. వాటిని లోపలి వైపు తిప్పి కొట్టబోయాను. ఆమె నా చేతిలోంచి లాక్కుని, గోడకి పైన, గుర్తు గల్లీ వైపుకే కనబడేటట్టు బిగించింది.

"ఎవల చెక్కనో ఎరుక కావద్దా?" అంది.

తర్వాత కొమ్మలని పైకి పోనివ్వకుండా ఒక్కొక్కటే పక్కకి వంచింది. ఒక్కసారి వంచితే విరుగుతుందని కొన్నాళ్ళపాటు రోజుకి కాస్త చొప్పున లాగుతూ, అడ్డబద్దలకి సమాంతరంగా పడుకోబెట్టింది. అమ్మ పాత నూలు చీరని పేలికలుగా చింపి వదులుగా ముళ్ళు వేసింది. కొమ్మ అలా అడ్డంగా పడుకుంటే ఒక్క కొసనే కాదు, ప్రతి కణుపు దగ్గరా చిగురు వేసి పూస్తుంది. ఆ పూలన్నీ గోడ ఎత్తుకి కిందనే, మా వైపే ఉంటాయి. ఒక్క కొమ్మని మాత్రం ఆమె వంచలేదు. దాన్ని ఏపుగా పెంచి గోడ మీంచి గల్లీలోకి వంగేటట్టు వదిలింది. అది ఎందుకని అడిగితే, "అది సేటు వంతు" అంది.

ఒకరోజు ఇద్దరం నయాపూల్ వంతెన దాటి బేగంబజార్ వెళ్ళాం. నేరుగా షావుకారు దుకాణానికే. ఆయన గద్దె మీద కూర్చుని ఉన్నాడు. తాతయ్య మూల నుంచి కంగారుగా చూశాడు.

"ఏం చెల్లె, గిట్లొచ్చినవ్?"

"పూజ గంట కావాలె సేటు. రోజు పొద్దుగాల మోగాలె. సప్పుడు మంచిగుండాలె."

దేవుడి వస్తువనేసరికి ఆయన స్వయంగా లేచాడు. ఒక్కో గంటనీ చెవి దగ్గర ఆడించి చూసి, బరువైనదొకటి తీశాడు. "ఇది కొడితె గల్లీ సివరి దాంక ఇనబడ్తది."

"గంత దూరం పోతదా?"

"ఫికర్ జెయ్యకు. సప్పుడుకు నాది గ్యారంటి. మా గుమాస్తా ఇంటోల్లు గద, తక్కువకే ఇస్త, తీస్కపో."

"వద్దు సేటు. దేవునికిచ్చేది అడిగి తీస్కోవాలె, పైసలిచ్చి తీస్కోవాలె" అని అమ్మమ్మ పూర్తి ధర లెక్కపెట్టి ఇచ్చింది. ఆయనకి ఆ మాట తగలలేదు. ఆమె భక్తిని మెచ్చుకున్నాడు కూడా.

ఇంటికి వచ్చాక పందిరి పైబద్దకి ఒక వెదురు బద్దని బిగించింది. దాని బిగించని రెండో కొసకి గంటని వేలాడదీసి, గోడ దాటిన ఆ ఒక్క కొమ్మని కూడా పేలికతో అక్కడే కట్టింది. గాలికి అది కదిలేది కాదు. కొమ్మని పట్టి లాగితే మాత్రం వెదురు వంగి, వదలగానే ఎగిరి, గంట ఆగకుండా మోగుతుంది. ఒక్కసారి పరీక్షించి చూసి, ఆ తర్వాత గంటకి గుడ్డ చుట్టి ఉంచింది. చలికాలం దాకా అది మూగగానే ఉంది.

ఆ వానాకాలమంతా నేను ఆత్రంతో చచ్చాను. అమ్మమ్మకి ఆత్రం లేదు. కలుపు తీసేది, పురుగు ఏరేది, ముళ్ళు బిగుసుకుంటే వదులు చేసేది. ఆమె పగ ఆకులేస్తోందని నాకు అనిపించేది. చలి మొదలయ్యాక మొగ్గలు వచ్చాయి. పందిరి మా వైపంతా పూలతో నిండింది. గల్లీలోంచి చూస్తే వాసన తప్ప ఏమీ తెలిసేది కాదు. బయటికి వంగిన కొమ్మ కొసన ఒకే ఒక్క పువ్వు, నా పిడికిలంత, విచ్చుకుంది. ఆ సాయంత్రం అమ్మమ్మ గంటకి చుట్టిన గుడ్డ విప్పింది.

తెల్లారి ఆమె తల స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, తలుపు వెనక నిలబడింది. నేను ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాను. షావుకారు శ్లోకం వినబడింది. కర్ర గోడకి తగిలింది. ఆ వెంటనే గంట మోగింది. షావుకారు బెదిరి కర్రని లాక్కోబోయాడు. వంకీ పేలికలో చిక్కుకుంది. ఆయన లాగిన కొద్దీ గంట ఇంకా గట్టిగా మోగింది. వదిలేద్దామంటే కర్ర అక్కడే వేలాడుతుంది. పాలవాడు సైకిల్ ఆపాడు. రొట్టె కోసం బయల్దేరిన, మేం ఖాలా అని పిలిచే పక్కింటి ముసల్మాను పిన్ని గుమ్మంలోనే నిలబడిపోయింది. కిటికీలు తెరుచుకున్నాయి.

అమ్మమ్మ తలుపు తీసి, చేతులు జోడించింది. "నమస్తే సేటు. పూజ షురువైందా? కొయ్యుండ్రి, నిమ్మలంగ కొయ్యుండ్రి. అడగకుంట కోసిన పువ్వుల పుణ్యం చెట్టు పెట్టినోల్లకే పోతదంటరు. గిన్నొద్దుల సంది సచ్చిపోయిన మా బిడ్డకు పుణ్యం సంపాయిస్తున్నరు. మీ రునం ఎట్ల తీర్చుకోవాల్నో ఏమో!"

"యా అల్లా, సేట్ సాబ్! సారా సవాబ్ ఉనోకుచ్ దే డాలే?" అంది ఖాలా, పుణ్యమంతా వాళ్ళకే ఇచ్చేశారా అని, పాపం నిజంగానే ఆశ్చర్యపోతూ. మొదట నవ్వింది పాలవాడు. నవ్వుతూనే, "గంట మస్తుగున్నదమ్మా, యాడ కొన్నవ్?" అన్నాడు.

"సేటు దుకాణంలనే. సప్పుడుకు ఆయనదే గ్యారంటి."

ఆ నవ్వు గల్లీ చివరిదాకా వెళ్ళింది. షావుకారు కర్ర వదిలేసి ఇంట్లోకి పోయాడు. సజ్జ ఖాళీగా ఉంది. అమ్మమ్మ నన్ను లోపలికి తీసుకెళ్ళి పందిరి మీంచి దోసెడు పూలు కోయించింది. ఆ రోజు అమ్మ పటం చట్రం కూడా కనబడలేదు.

తాతయ్య ఉద్యోగం పోతుందని భయపడ్డాడు. పోలేదు. ఎందుకు తీసేశావని ఎవరైనా అడిగితే గంట కథ చెప్పాలి కదా. షావుకారు ఆ తర్వాత పూలు కొనుక్కోవడం మొదలుపెట్టాడు. కర్ర కోసం మాత్రం రాలేదు. "అడుగుతె ఇద్దుము" అని అమ్మమ్మ చాలా రోజులు చూసి, చివరికి దాన్ని కూడా పందిరికి అడ్డబద్దగా కట్టేసింది. బయటి కొమ్మకి పూసిన పువ్వుని ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. అది సేటు వంతు. అది అక్కడే విచ్చుకుని, అక్కడే వాడి, రేకులు గల్లీలో రాలేవి. ఆయన వాటిని తొక్కకుండా పక్కకి తప్పుకుని నడిచేవాడు. ఏటా ఆ దృశ్యం చూస్తూ ఆమె చాయ్ తాగేది.

నేను ఉద్యోగంలో చేరాక షావుకారు పోయాడు. పదో రోజున అమ్మమ్మ ఆ కొమ్మ పువ్వు మొదటిసారి తన చేత్తో కోసింది. నా చెయ్యి పట్టుకుని ఎదురింటి గడప ఎక్కింది. ఒకప్పుడు తలొంచుకుని నిలబడ్డ చోట ఈసారి తలెత్తుకుని నిలబడి, ఆయన పటం ముందు పువ్వు పెట్టింది. ఆయన భార్య ఏడుస్తూ, నీ మనసు పెద్దదమ్మా అంది. గల్లీ అంతా కూడా అమ్మమ్మ ఆయనని క్షమించిందనే చెప్పుకుంది.

ఆమె పెదవుల చాటున అన్న మాట మాత్రం నేనొక్కదాన్నే విన్నాను. "సచ్చినోల్లకు పువ్వెందుకంటివి గద సేటు. ఇగో, తెచ్చిన. వాసన సూస్తవా, సిగల పెట్టుకుంటవా?"

అక్షరం పోలేదు. నా చేతిలో ఉన్న ఆమె చెయ్యి మెత్తబడలేదు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని, అంట్లన్నీ తోమేసి బోర్లించిన మనిషిలా ఒక నిట్టూర్పు విడిచింది. "ఇప్పుడైంది" అంది.

ఇప్పుడు నాకు ఆమె వయసు వచ్చింది. ఆ గంట నా దగ్గరే ఉంది. మా వాకిట్లో పందిరి నేనే కట్టుకున్నాను. గుంజలకి తారు పూసి, గోడకి జానెడు సందు వదిలి, కొమ్మలని అడ్డంగా పడుకోబెట్టి, ఒక్కదాన్ని మాత్రం బయటికి వదిలాను. ఈ రోజుల్లో వంకీ కర్రలు లేవు. తెల్లవారి నడకకి వచ్చే పెద్దమనుషుల చేతుల్లో ప్లాస్టిక్ కవర్లు ఉంటున్నాయి. గంట మోగినప్పుడు నేను తొందరపడి లేవను. వెళ్ళి నమస్కారం పెట్టి, అది మా అమ్మ పటానికి పెట్టుకునే పువ్వని చెబుతాను. సిగ్గుపడిన వాళ్ళకి ఇంకో పువ్వు కోసి ఇచ్చి పంపిస్తాను. ఎదురు మాట్లాడిన వాళ్ళ మాట మాత్రం శ్రద్ధగా విని, లోపలికి వచ్చి, అక్షరం పోకుండా డైరీలో రాసుకుంటాను. వాళ్ళ పువ్వు తర్వాత, వాళ్ళ పదో రోజున ఇస్తాను.