బాపు గొంతు ఒక్కటే వచ్చింది

2023 నవంబరు, శనివారం. కొంపల్లిలో మా చిన్న ఆఫీసు. ఉన్నవారు: సలహాదారుగా నేను, ప్రోగ్రామర్ శ్రీనివాస్, శామీర్‌పేటలో చేపలమ్మే స్వరూప. ఆనాటి నా డైరీ మొదలు ఇదే.

శామీర్‌పేట చెరువులో చేపల వేటకు వెళ్లేవారి కోసం మేము ఒక ఫోన్ లైన్ నడిపాం. తెల్లవారుజామున వలలు తీశాక, ఏ దిక్కు ఒడ్డుకు వస్తున్నారో అందులో చెబితే, ఇంటివాళ్లు గంపలతో అక్కడికి చేరేవారు. ఆ సాయంత్రంతో ఆ లైన్ మూతపడుతోంది. తండ్రి పోయి ఏడాదైన స్వరూప, ఆయన అందులో వదిలిన సందేశాలు ఇమ్మని వచ్చింది.

శ్రీనివాస్ మొదటి సందేశం వినిపించి, "మీ నాన్నగారేనాండి?" అన్నాడు. ఆమె తలూపింది. మిగతావి డౌన్‌లోడ్ చేయబోతే ఏమీ రాలేదు. ఎర్రర్ కూడా లేదు.

"ఒక్కటే ఉన్నట్టుందండి."

"గదెట్ల సార్? బాపు దినాం చెప్పేటోడు. జల్దీ రమ్మని తిట్టేటోడు గూడ. గా తిట్లకు మీ మిషన్ అలిగిందా ఏంది?"

నవ్వుతూనే అంది. కానీ గోడ గడియారం వైపే చూస్తోంది.

నేను కోడ్ చదివాను. నెట్‌వర్క్ మీద సందేశాలు ఒక్కొక్కటే వస్తాయి. ప్రతిదాని కోసం ఆగి అందుకునే లూప్‌ను 'ఫర్ అవెయిట్' అంటారు. గొంతు పోల్చుకోవడానికి శ్రీనివాస్ మొదటిది అందగానే 'బ్రేక్'తో బయటికొచ్చి, అదే వరుస మీద రెండో లూప్ పెట్టాడు. ఆగిన చోట నుంచి సాగుతుందనుకున్నాడు. అలా మధ్యలో లేచొస్తే, ఇక చాలని అర్థం చేసుకుని ఆ ప్రోగ్రామింగ్ భాష, సందేశాలు తెచ్చిపెట్టేవాణ్ణే ఇంటికి పంపేస్తుంది. రెండో లూప్‌కు ఖాళీ చేతులే. సర్వర్‌లో సందేశాలు మాత్రం భద్రంగా ఉన్నాయి.

"మళ్లీ మొదటి నుంచి తెరువు. ఈసారి ఒకే లూప్, మధ్యలో ఆగకు," అన్నాను. వరుసగా వచ్చిన సందేశాలన్నీ ఆమె ఫోన్‌లోకి ఎక్కించాం. స్వరూప ఏదీ తెరవలేదు. ఫోన్ కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

ఏమీ రాకపోవడం, ఏమీ లేకపోవడం ఒకటి కావని నాకు ఆ రోజు బాగా తెలిసొచ్చింది.

మరునాడు ఉదయం చేపల కోసం శామీర్‌పేట వెళ్లాను. తెప్పలన్నీ రోడ్డు వైపు ఒడ్డుకు చేరాయి. స్వరూప మాత్రం నిండిన చెరువు పొర్లిపోయే అలుగు దగ్గర, ఎవరూ లేని చోట ఖాళీ గంపతో నిలబడి ఉంది.

"ఇక్కడెందుకమ్మా?"

"పొద్దుగాల ఒకటి విన్న సార్. అలుగు దిక్కు రమ్మన్నడు. వచ్చిన."

"మిగతావి?"

"రేపటిది రేపు వింట," అంది, నీళ్ల వైపు చూస్తూ.